పాత కారు, రెండు నంబర్లు: కాగితానికీ ఇనుముకూ పొత్తు కుదరనప్పుడు

తడ, సత్యవేడు, నగరి ప్రాంతాల కుటుంబాలకు చెన్నైతో ఉన్న సంబంధం నేటిది కాదు. పెళ్లిబట్టలకైనా, ఆసుపత్రికైనా, పాత బండికైనా ముందుగా చూపు వెళ్లేది ఆ నగరం వైపే. అక్కడి బంధువుల వాకిట ఏళ్ల తరబడి నిలిచిపోయిన అంబాసిడర్‌ను గాని, పుదుపేటలో దొరికే విడిభాగాలతో మళ్లీ నిలబెట్టిన స్టాండర్డ్ హెరాల్డ్‌ను గాని ముచ్చటపడి కొనేవారు మనలో ఉన్నారు. బండి నడుస్తుంది, రంగు మెరుస్తుంది. చిక్కు వచ్చేది పేరు మార్పిడికి రవాణా కార్యాలయానికి తీసుకువెళ్లిన రోజున. బ్రేక్ ఇన్‌స్పెక్టరు బానెట్ ఎత్తి చూసి, సి-బుక్కులో ఉన్న నంబరు ఒకటి, ఇనుము మీద ఉన్నది మరొకటి అని తేలుస్తాడు. అప్పటినుంచి ఆ బండి అసలు ఏ బండి, ఎవరి బండి అన్న ప్రశ్న తలెత్తుతుంది.

ఈ చిక్కు ఎలా పుడుతుంది, ఏది సరిదిద్దదగినది, ఏది కాదు, చెన్నైలో చేయవలసిన పని ఏది, ఇవతల చేయవలసినది ఏది అన్న సంగతులను క్రమంగా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ముందుగా గుర్తుంచుకోవలసిన సూత్రం ఒకటున్నది. కాగితాన్ని ఇనుముకు సరిపెట్టడానికి చట్టంలో దారి ఉన్నది. ఇనుమును కాగితానికి సరిపెట్టడానికి మాత్రం దారి లేదు.

బండికి ఉండే మూడు నంబర్లు

ప్రతి మోటారు వాహనానికీ మూడు నంబర్లు ఉంటాయి. మొదటిది నంబరు ప్లేటు మీద కనిపించే రిజిస్ట్రేషన్ నంబరు. ఇది ప్రభుత్వం ఇచ్చే పేరు. బండి రాష్ట్రం మారితే ఇదీ మారుతుంది. రెండవది చాసిస్ నంబరు. ఇది కర్మాగారంలోనే బండి చట్రం మీద లేదా శరీరం మీద గుద్దిన గుర్తు. బండి పుట్టుమచ్చ వంటిది, జీవితాంతం మారరాదు. మూడవది ఇంజను మీద గుద్దిన ఇంజను నంబరు. ఇంజను మారితే ఇదీ మారుతుంది. చట్టం దృష్టిలో బండి ఏదన్నది తేల్చేది ప్రధానంగా చాసిస్ నంబరే.

నేటి కార్లకు ఉండే చాసిస్ నంబరు 17 అక్షరాలూ అంకెలూ కలిసిన అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య. అందులో మొదటి మూడు అక్షరాలు తయారీదారును చెబుతాయి. మారుతికి ఎమ్ఏ3, శ్రీపెరంబుదూరు దగ్గర తయారయ్యే హ్యుందాయ్‌కి ఎమ్ఏఎల్. ఒకటి, సున్నా అంకెలతో పొరపాటు పడకుండా ఈ పద్ధతిలో ఐ, ఓ, క్యూ అనే ఆంగ్లాక్షరాలను వాడరు. ఈ పద్ధతి రాకముందు తయారైన కార్లకు ఈ సౌకర్యం లేదు. ఒక్కొక్క సంస్థ తనకు తోచిన తీరున చిన్న చిన్న నంబర్లు గుద్దింది. వాటిని నకలు చేసేటప్పుడు పొరపాటు దొర్లితే పట్టుకోవడం కష్టం.

చెన్నైకే చెందిన ఉదాహరణ స్టాండర్డ్ హెరాల్డ్. నగర శివార్లలోని వండలూరు వద్ద స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా సంస్థ 1961 నుంచి ఈ కారును తయారుచేసింది. తరువాత గజెల్, 1985లో స్టాండర్డ్ 2000 వచ్చాయి. 1988లో ఉత్పత్తి ఆగిపోయింది. అంటే, ఈ నంబరు గల కారును మేమే తయారు చేశామని ఉత్తరం రాసి ఇచ్చే కంపెనీ నేడు లేదు. అంబాసిడర్ తయారీ కూడా 2014లో ముగిసింది. తయారీదారు మాట దొరకని చోట, పాత రిజిస్టరూ ఇనుము మీది గుర్తూ మాత్రమే సాక్షులు.

తేడా ఎందుకు వస్తుంది?

కారణాలు ప్రధానంగా అయిదు. ఏ కారణమన్నది తేలితేనే మందు తెలుస్తుంది.

ఒకటి, రాతపొరపాటు. నాటి గుమాస్తా రిజిస్టరులో చేతితో రాశాడు. దాని నుంచి సి-బుక్కులోకి, దాని నుంచి మళ్లీ కార్డులోకి, కంప్యూటరులోకి ఎక్కించారు. 8 అంకె బి అయింది, 5 అంకె ఎస్ అయింది, 1 అంకె 7 అయింది, లేదా మధ్యలో ఒక సున్నా జారిపోయింది. ఇటువంటి తేడా ఒకటి రెండు అక్షరాలకే పరిమితమై ఉంటుంది.

రెండు, ఇంజను మార్పు. మన ఊళ్ల అంబాసిడర్లలో ఇది సర్వసాధారణం. పెట్రోలు ఇంజను అరిగిపోగా షెడ్డులో మరొకటి వేయించారు. ఖర్చు తగ్గుతుందని కొందరు డీజిలు ఇంజను బిగించారు. చాసిస్ నంబరు సరిపోతుంది, ఇంజను నంబరు సరిపోదు.

మూడు, రెండు బండ్లు కలిసి ఒకటి కావడం. హెరాల్డ్‌లో చట్రం వేరు, పై శరీరం వేరు, రెంటినీ బోల్టులతో బిగిస్తారు. ఒక కారు శరీరాన్ని మరో కారు చట్రం మీద కూర్చోబెట్టడం మెకానిక్‌కు పెద్ద పని కాదు. అప్పుడు శరీరానికి రివెట్లతో కొట్టిన రేకు మీద ఒక నంబరు, చట్రం మీద మరొక నంబరు కనిపిస్తాయి. అంబాసిడర్‌కు ఇటువంటి విడి చట్రం లేదు. శరీరమూ చట్రమూ ఒకటే నిర్మాణం కనుక ఇటువంటి మార్పిడికి అందులో అంత సులువు లేదు.

నాలుగు, తుప్పు లేదా ప్రమాదం. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఇరవై ఏళ్లు ఆరుబయట నిలిచిన బండి మీద అంకెలు తినివేయబడి ఉండవచ్చు. అతుకు వేసినప్పుడు ఆ రేకే పోయి ఉండవచ్చు.

అయిదు, దొంగతనం. తుక్కుకు పోయిన బండి కాగితాలను దొంగిలించిన బండికి తగిలించి, అసలు అంకెలను అరగదీసి కొత్తవి గుద్దడం పాత మోసమే. మొదటి నాలుగింటిలో దేనినైనా అధికారి ముందు అనుమానించేది ఈ అయిదవదే. అది ఆయన విధి కూడా.

చట్టం ఏమంటున్నది?

1988 మోటారు వాహనాల చట్టంలోని 55వ సెక్షను అయిదవ ఉపవిభాగం ఈ విషయంలో స్పష్టంగా ఉన్నది. బండి మీద గుద్దిన ఇంజను నంబరు గాని, చాసిస్ నంబరు గాని రిజిస్ట్రేషన్ పత్రంలోని నంబరుతో సరిపోనట్లయితే, యజమానికి సంజాయిషీ చెప్పుకునే అవకాశమిచ్చి, కారణాలు రాసి, రిజిస్ట్రేషన్‌ను రద్దు చేయాలి. ఆ నోటీసు పత్రంలో నమోదైన చిరునామాకు రిజిస్టరు పోస్టులో వెళుతుంది.

ఇక్కడే సరిహద్దు కుటుంబాలకు పెద్ద ప్రమాదమున్నది. పేరు మార్చుకోకుండా సంతకం చేసిన ఫారాలతోనే బండిని వాడుకుంటున్న వారికి ఆ నోటీసు అందదు. అది చెన్నైలోని పాత యజమాని ఇంటికి, అతడు ఇల్లు మారి ఉంటే ఎవరికీ చెందకుండా పోతుంది. రద్దు ఉత్తర్వుపై 57వ సెక్షను కింద అప్పీలు చేసుకోవడానికి ఉన్న గడువు ఉత్తర్వు అందిన నాటి నుంచి 30 రోజులు మాత్రమే. పత్రంలో పేరు లేనివాడు అప్పీలుకు వెళ్లడమూ కష్టమే.

అమ్మినవారికీ క్షేమం లేదు. 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో సంగతి ఇది. ఒక కారు 2007లో అమ్ముడుపోయి, ఆపైన మరికొన్ని చేతులు మారి, 2009లో ప్రమాదానికి గురైంది. రిజిస్టరులో మాత్రం మొదటి మనిషి పేరే మిగిలి ఉన్నది. రిజిస్టరులో ఎవరి పేరుంటే వారే చట్టరీత్యా యజమాని అనీ, నష్టపరిహారం బాధ్యత వారిదేననీ న్యాయస్థానం తేల్చింది. బండి ఇచ్చిన చెన్నై బంధువు, తీసుకున్న ఊరి బంధువు ఇద్దరూ దీనిని గమనించాలి. బీమా పాలసీలో కూడా చాసిస్, ఇంజను నంబర్లు రాసి ఉంటాయి. అవి బండితో సరిపోనప్పుడు పరిహారం వివాదంలో పడుతుంది.

ముందుగా నిజం తేల్చుకోవాలి

దళారి మాటను గాని, రేకు మీది అంకెలను గాని నమ్మి నిర్ణయానికి రాకూడదు. మొదట చట్రం మీద గుద్దిన నంబరు ఉన్న చోటును గుడ్డతోనూ కిరసనాయిలుతోనూ శుభ్రం చేయాలి. ఉప్పుకాగితం, ఆకురాయి తగలనివ్వరాదు. అరగదీసిన గీత ఒక్కటి కనిపించినా అనుమానం మీ మీదికే వస్తుంది. తరువాత పలుచని కాగితం పరిచి పెన్సిలుతో మెల్లగా రుద్దితే అంకెల అచ్చు పడుతుంది. రవాణా కార్యాలయాల్లో దీనినే పెన్సిల్ ప్రింట్ అంటారు. అటువంటివి నాలుగయిదు తీసి, ఫొటోలతో సహా దాచుకోవాలి.

రెండవ పని, బండి మొదట రిజిస్టరయిన కార్యాలయం నుంచి అసలు రిజిస్టరు నకలు కోరడం. కంప్యూటరులో కనిపించేది నకలుకు నకలు. తొలినాడు రాసిన పుటలో ఏ అంకె ఉన్నదో అదే ముఖ్యం. పాత బండ్లలో కొన్ని వాహన్ అనే జాతీయ కంప్యూటరు పట్టికలోకి ఎక్కనే లేదు. అటువంటప్పుడు పాత పుస్తకం చూపి నమోదు చేయించుకున్న తరువాతనే మిగతా పనులు సాగుతాయి.

మూడవది, దొంగ బండి కాదని తేల్చుకోవడం. జాతీయ నేర రికార్డుల సంస్థ నడిపే వాహన్ సమన్వయ్ అనే వ్యవస్థలో రిజిస్ట్రేషన్, చాసిస్, ఇంజను నంబర్లు ఇచ్చి, దొంగతనం ఫిర్యాదు ఉన్నదీ లేనిదీ తెలుసుకోవచ్చు. కాగితం మీది నంబరుతోనూ, ఇనుము మీది నంబరుతోనూ విడివిడిగా వెతకాలి. ఒక్క నంబరుతోనే వెతికితే సగం పనే అవుతుంది.

అంకెలు అరిగిపోయినా, అరగదీసినట్లు అనుమానమున్నా విషయం ఫోరెన్సిక్ నిపుణుల వద్దకు వెళుతుంది. చెన్నైలోని తమిళనాడు ఫోరెన్సిక్ శాస్త్ర విభాగానికి మూలం 1849 నాటి మద్రాసు రసాయన పరీక్షకుని ప్రయోగశాల. అరిగిన నంబరును వెలికితీసే పద్ధతి ఆసక్తికరమైనది. ఇనుము మీద అంకెను గుద్దినప్పుడు ఆ దెబ్బ పైపొరతో ఆగదు, లోపలి లోహపు అణికను కూడా నలిపివేస్తుంది. నోటుపుస్తకంలో గట్టిగా రాసిన పుట చింపినా కింది పుటలో అచ్చు మిగిలినట్లు, పైపొర అరగదీసినా లోపలి నలుగుడు మిగిలి ఉంటుంది. ఆ చోటును నునుపు చేసి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో రాగి క్లోరైడు కలిపిన ద్రావణాన్ని తుడిస్తే, నలిగిన లోహమూ నలగని లోహమూ వేరువేరు వేగాలతో కరుగుతాయి. అప్పుడు పాత అంకెలు నీడలాగా పైకి తేలుతాయి. మరీ లోతుగా కోసినా, వెల్డింగు చేసినా ఈ పద్ధతి ఫలించకపోవచ్చు. నిజాయితీ గల యజమానికి ఈ పరీక్ష శత్రువు కాదు. తుప్పు తిన్న నంబరు తనదేనని రుజువు చేసే సాక్ష్యం కూడా ఇదే కావచ్చు.

కారణాన్ని బట్టి మందు

రాతపొరపాటు అయితే పని తేలిక. బండి నమోదైన చెన్నై కార్యాలయంలోనే సవరణ కోరుతూ అర్జీ పెట్టాలి. పెన్సిల్ ప్రింట్, పాత సి-బుక్కు, దొరికితే తొలి కొనుగోలు బిల్లు, పాత బీమా పాలసీలు జతచేయాలి. పాత పాలసీలో సరైన నంబరు ఉండడం మంచి సాక్ష్యం. తనిఖీ అధికారి బండిని చూసి నివేదిక ఇచ్చిన మీదట సవరణ జరుగుతుంది. ఈ సవరణను సరిహద్దు దాటక ముందే చేయించుకోవడం అత్యవసరం. చెన్నై ఇచ్చే నిరభ్యంతర పత్రంలో ఏ నంబరు ఉంటే ఇవతలి కార్యాలయం దానినే బండితో పోల్చి చూస్తుంది. అక్కడి తప్పును ఇక్కడి అధికారి దిద్దలేడు.

ఇంజను మార్పు అయితే 52వ సెక్షను వర్తిస్తుంది. అనుమతి లేకుండా ఇంజను మార్చినట్లయితే 14 రోజులలోగా తాను నివసించే ప్రాంతపు అధికారికి తెలిపి పత్రంలో నమోదు చేయించాలి. అదే రకం ఇంజను అయితే, దాని కొనుగోలు బిల్లూ, అది ఏ బండి నుంచి వచ్చిందో తెలిపే కాగితమూ చూపవలసి ఉంటుంది. పాత ఇనుము కొట్టులో చీటీ లేకుండా ఇంజను కొనరాదనడానికి కారణమిదే. ఆ ఇంజను దొంగ బండిదైతే తెలిసి కొన్నవాడు దొంగసొత్తు స్వీకరించిన నేరం కిందికి వస్తాడు. పెట్రోలు బండికి డీజిలు ఇంజను వేసిన సంగతి ఇంతకంటె కష్టం. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని 2019 జనవరి 9న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే సంవత్సరపు చట్టసవరణ అటువంటి మార్పుకు 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా విధించింది. అటువంటి బండి కొనేవారు మూలరకం ఇంజను తిరిగి వేయించే ఖర్చును కూడా లెక్కలో పెట్టుకోవాలి.

రెండు బండ్లు కలిసినదైతే, గుద్దిన చట్రం నంబరు ఏ బండిదో, ఆ బండి కాగితాలు ఉన్నాయో లేవో చూడాలి. చట్రానికి కాగితాలుంటే ఆ పేరుతో దారి వెతకవచ్చు. శరీరం మార్పు సంగతిని దాచకుండా చెప్పాలి. రెండవ నంబరు గల రేకును పీకివేయరాదు, అధికారికి చూపాలి. కాగితాలున్నది శరీరపు రేకు నంబరుకు మాత్రమే అయితే, ఆ చట్రం చట్టం దృష్టిలో ఊరూ పేరూ లేనిది. పూర్వ వివరాలు చూపలేని బండికి 45వ సెక్షను కింద రిజిస్ట్రేషన్ నిరాకరించవచ్చు. అటువంటి కారుకు విడిభాగాల విలువే తప్ప రోడ్డు బండి విలువ కట్టరాదు.

నంబరు తుప్పుపట్టి పోయినదైతే, మెకానిక్ చేత మళ్లీ గుద్దించడం అన్నిటికంటె పెద్ద ప్రమాదం. అంకె సరైనదే అయినా అది ఫోర్జరీగా కనిపిస్తుంది. అధికారికి అర్జీ పెట్టి, తనిఖీ, పోలీసు విచారణ, అవసరమైతే ఫోరెన్సిక్ నివేదిక పూర్తయి, లిఖితపూర్వకంగా అనుమతి వచ్చిన తరువాతనే ఆ పని జరగాలి.

సరిహద్దు దాటించే క్రమం

నంబర్లు సరిపడిన తరువాత నిరభ్యంతర పత్రానికి 28వ ఫారంలో చెన్నై కార్యాలయానికి దరఖాస్తు చేయాలి. పన్ను బకాయిలు లేవనీ, బండిపై దొంగతనం కేసు లేదనీ పోలీసు నివేదిక ద్వారా నిర్ధారించుకున్న తరువాత అధికారి పత్రం ఇస్తాడు. ఇస్తున్నదీ లేనిదీ 30 రోజులలో తెలపాలని 48వ సెక్షను చెబుతున్నది. పేరు మార్పిడికి 29, 30 ఫారాలు. ఒకే రాష్ట్రంలో అమ్మకమైతే అమ్మినవారు 14 రోజులలో, రాష్ట్రం వెలుపలికైతే 45 రోజులలో, కొన్నవారు 30 రోజులలో తెలియజేయాలి. వేరే రాష్ట్రపు బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే 27వ ఫారంలో ఇక్కడి నంబరు కోరాలి. ఇక్కడి జీవిత పన్ను, పాత బండి గనుక హరిత పన్ను కూడా ఉంటాయి.

కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆపైన అయిదేసి ఏళ్లకు 25వ ఫారంలో పొడిగించుకోవాలి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 20 ఏళ్లు దాటిన కారుకు ఈ రుసుము 10,000 రూపాయలు. గడువు ఎప్పుడో ముగిసిన బండిని కొనేటప్పుడు దీనినీ, ఆలస్య రుసుమునూ ధరలో తగ్గించుకోవాలి.

తాతగారి కారు వారసులకు రావలసి ఉంటే, యజమాని మరణించిన 30 రోజులలో కార్యాలయానికి తెలిపి, 3 నెలలలో 31వ ఫారంలో పేరు మార్చుకోవాలి. మరణ ధ్రువపత్రం, వారసత్వ ధ్రువపత్రం, మిగిలిన వారసుల సమ్మతి కావాలి. గడువు దాటితే తాతగారి సంతకంతో ఎవరో నింపిన ఫారాలు తయారు చేయడం కొన్నిచోట్ల కనిపిస్తుంది. అది ఫోర్జరీ. ఆలస్యానికి రుసుము కట్టడం దానికంటె చవక.

యాభై ఏళ్లు దాటితే

2021 జూలైలో కేంద్రం పురాతన వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, శరీరం, ఇంజను పెద్ద మార్పు లేకుండా మూలరూపంలో ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలు దీని కిందికి వస్తాయి. 20వ ఫారంలో దరఖాస్తు చేయాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు, పునర్నమోదుకు 5,000 రూపాయలు. కొత్తగా నమోదయ్యే బండి నంబరులో వి, ఏ అనే అక్షరాలు చేరతాయి. ముందే నమోదైన బండి పాత నంబరును నిలుపుకోవచ్చు. ప్రదర్శనలకు, పరిశోధనకు, పురాతన కార్ల ర్యాలీలకు, ఇంధనం నింపుకోవడానికి, మరమ్మతులకు తప్ప రోజువారీ ప్రయాణాలకు వాడరాదు.

1960ల నాటి హెరాల్డ్‌కు ఈ అర్హత ఉన్నది. 1985 నాటి స్టాండర్డ్ 2000కు 2035 వరకు ఆగాలి. అయితే నంబర్ల తేడాకు ఇది అడ్డదారి కాదు. మూలరూపమే ఇక్కడ అర్హత గనుక, మరో చట్రమో మరో ఇంజనో ఉన్న బండికి పరీక్ష ఇక్కడ మరింత గట్టిగా ఉంటుంది. ఊళ్లో రోజూ నడపదలచినవారికి ఈ పద్ధతి పనికిరాదు.

బయానా ఇవ్వక ముందు

పాత కారు కొనేవారు బయానా ఇవ్వక ముందే ఈ పనులు చేసుకోవాలి. పగటి వెలుగులో చట్రం, ఇంజను నంబర్లను స్వయంగా చదివి పెన్సిల్ ప్రింట్ తీసుకోవాలి. సి-బుక్కుతో ఒక్కొక్క అక్షరం చొప్పున పోల్చాలి. కొత్త రంగు, వెల్డింగు మచ్చ, సమానంగా లేని అంకెలు నంబరు చుట్టూ ఉన్నాయేమో చూడాలి. పత్రంలోని యజమానిని కలిసి గుర్తింపు కార్డు చూడాలి. రెండు నంబర్లతోనూ దొంగతనం పట్టికలో వెతకాలి. బ్యాంకు అప్పు నమోదై ఉంటే అది తీరినట్లు 35వ ఫారం ఉండాలి. నంబరులో తేడా కనిపిస్తే, దానిని అమ్మేవారే చెన్నైలో సవరించి నిరభ్యంతర పత్రం ఇచ్చిన తరువాత మిగతా సొమ్ము చెల్లిస్తామని ఒప్పంద పత్రంలో రాయించుకోవాలి.

తరువాత చూసుకుందాం, ఊళ్లో ఎవరడుగుతారు అని దళారి అంటే, ఆ బండిని అక్కడే వదిలి రావడం మేలు. ఊళ్లో అడిగేవారు లేకపోవచ్చు. ప్రమాదం జరిగిన నాడు పోలీసులూ, బీమా వారూ, న్యాయస్థానమూ అడుగుతారు. ఆనాడు జవాబు చెప్పవలసినది దళారి కాదు, బండి తోలుతున్న మన ఇంటి మనిషి.